హాజిజా ముక్కు

బింటులు అనే రేవు ఊరి తీరంలో ఉన్న ఆ ఫ్యాక్టరీకి మేనేజర్లు వచ్చారు, పోయారు. యంత్రాలు పాతబడ్డాయి, కొత్తవి వచ్చాయి. హాజిజా ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. అది బాగుందని సర్టిఫికెట్ ఇచ్చిన వాళ్లెవరూ లేరు గాని, బాగాలేదనే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

సముద్రం అడుగు నుంచి గొట్టాల్లో వచ్చే గ్యాసుని అక్కడ ముందు ఆక్సిజన్‌తో సగం సగం కాల్చి ముక్కలు చేస్తారు. ఆ ముక్కల్ని తాటిచెట్టంత ఎత్తు పాత్రల్లో లోహపు గుళికల మీదుగా పోనిస్తే, అవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పొడుగాటి గొలుసులై తెల్లటి మైనంగా చిక్కబడతాయి. ఆ మైనాన్ని మళ్లీ విరగ్గొడితే డీజిలూ, కిరసనాయిలూ వస్తాయి. విరగ్గొట్టేదానికి అంత కష్టపడి అతికించడం దేనికని హాజిజా తల్లి ఒకసారి అడిగింది. ఇంజనీర్లెవరూ ఆమెకు తృప్తిగా జవాబు చెప్పలేకపోయారు.

ఆ డీజిలు మంచినీళ్లలా తేటగా ఉంటుంది. గంధకం ఉండదు కాబట్టి వాసన ఉండదు. మైనంలో కొంత విరగ్గొట్టకుండా అలాగే అమ్ముతారు. కొవ్వొత్తులకు, చాక్లెట్ కాగితాలకు, ఆడవాళ్లు ముఖాలకు రాసుకునే క్రీములకు అదే కావాలి. కొనేవాళ్లు అంత ధర పెట్టేది అందులో ఉన్నదానికి కాదు, లేని వాసనకు. లేనిది నిజంగానే లేదని చెప్పడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషి హాజిజా.

లాబ్ చివర ఒక తెల్ల గది ఉంది. వారానికొకసారి అందులో కొన్ని ముక్కులు కూర్చుంటాయి. వాటికి పెద్ద హాజిజా, ఆమె కుర్చీ మిగతావాటి కన్నా కాస్త ఎత్తు. ముక్కుల రోజున సెంటు రాసుకోకూడదు, సిగరెట్ కాల్చకూడదు, తలకు కొబ్బరి నూనె పెట్టకూడదు, ముందురోజు ఘాటుగా కంపు కొట్టే దురియన్ పండు ముట్టకూడదు. కరిగించిన మైనం కప్పుల్లో వస్తుంది. వాసన చూసి చూసి ముక్కు అలిసిపోతే, ఎవరి మోచేతి మడతను వాళ్లు ఒకసారి గట్టిగా పీల్చుకోవాలి. మనిషికి తన ఒంటి వాసన తెలియదు కాబట్టి అదే సున్నా, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రపంచమంతా ముక్కుల వాళ్లు ఇలాగే చేస్తారట. ఇందులో తప్పేమీ లేదు, ఆ మోచెయ్యి బింటులుది కాకపోతే.

కువబారా అనే పెద్దమనిషి జపాను నుంచి దిగేదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆయన గుళ్లకు కొవ్వొత్తులు చేసే కంపెనీ తరఫున వచ్చాడు. పలచటి మనిషి, మాట కూడా పలచనే. మేనేజర్ బద్రుల్ గదిలో కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా, జరిగింది చెప్పాడు.

"మీ మైనంతో చేసిన కొవ్వొత్తులు ఒక చావు ఇంట్లో వెలిగించారు. కాసేపటికి గది అంతా కాల్చిన రొయ్యల వాసన. మంత్రం చదివే గురువుగారు మధ్యలో రెండుమూడుసార్లు గుటకలు మింగారు."

బద్రుల్‌కి నవ్వాలో క్షమాపణ చెప్పాలో తెలియలేదు. "మరి ఇంటివాళ్లు?" అన్నాడు.

"పోయినాయనకు రొయ్యలంటే ప్రాణమట. ఆయనే వచ్చాడని భార్య ఏడ్చింది. అందుకని అక్కడ గొడవ కాలేదు. రెండో చావు ఇంట్లో అయింది."

హాజిజాను పిలిపించారు. ఆమె ఆ సరుకు తాలూకు మైనం తెప్పించి, కరిగించి, కళ్లు మూసుకుని పీల్చింది. మోచెయ్యి పీల్చుకుంది. మళ్లీ మైనం పీల్చింది.

"దీనికి వాసన లేదండి," అంది.

కువబారా వంగి నమస్కారం పెట్టి, తనే కప్పులు సర్దాడు. మూడు కప్పులు. రెండింటిలో జర్మనీ మైనం, ఒకదాంట్లో ఈ ఫ్యాక్టరీది, లేదా తిరగేసి. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ముక్కులన్నీ వరసగా కూర్చున్నాయి. పీల్చారు, మోచేతులు పీల్చుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన మధ్యది అన్నాడు, ఒకామె చివరిది అంది, హాజిజా మూడూ ఒకటే అంది. కువబారా కళ్లకు చేతిరుమాలు కట్టించుకుని, కప్పులు ఎన్నిసార్లు కలిపినా, వేలుపెట్టి చూపించాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

"జపాను వాళ్లది మాయ," అని గొణిగాడు గోడౌన్ చూసే జైలాని.

ఆ మాయ ఏమిటో తేల్చుకోవడానికి అందరూ జైలాని గోడౌన్‌కే వెళ్లారు. మైనం సంచులు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మైనానికి ఒక దుర్గుణం ఉంది. పక్కన ఏది ఉంటే దాని వాసన లాక్కుంటుంది. కువబారా గుమ్మంలోనే ఆగిపోయి జేబురుమాలు తీశాడు.

"ఇక్కడ మైనం కాకుండా ఇంకేమైనా పెడతారా?"

"అబ్బే, ఏమీ పెట్టమండి," అన్నాడు జైలాని.

"మరి అదేమిటి?"

ఎదురుగా చెక్క అరల మీద, అరచెయ్యంత గోధుమరంగు అచ్చులు, పేపర్లలో చుట్టి, పేర్లు రాసి, బారుగా పేర్చి ఉన్నాయి.

"ఓ, అదా. బెలచాన్."

"ఏమీ లేదన్నారు."

"బెలచాన్ అండీ," అన్నాడు జైలాని, వినపడలేదేమోనని కాస్త గట్టిగా.

అతను అబద్ధమాడలేదు. సన్న రొయ్యలకు ఉప్పేసి, ఎండబెట్టి, దంచి, మళ్లీ ఎండబెట్టి, ముద్దకట్టి పులియబెడితే వచ్చేది బెలచాన్. అది లేకుండా బింటులులో పచ్చడి లేదు, కూర లేదు, పెళ్లి లేదు. రొయ్యల కాలం రాగానే ఫ్యాక్టరీలో అందరూ హాజిజా తల్లికి చెప్పి చేయించుకుంటారు. ఊళ్లో అంత పొడిగా, చీమ పట్టకుండా ఉండే చోటు మైనం గోడౌన్ ఒక్కటే. అందుకని అక్కడ దాస్తారు. దాన్ని ఒక వస్తువుగా ఎవరూ లెక్కేసుకోలేదు. గోడౌన్‌లో గాలి కూడా ఉంది, దాని సంగతి ఎవరైనా చెప్తారా?

అచ్చులన్నీ ఆ సాయంత్రమే ఎవరి ఇళ్లకు వాళ్లు మోసుకుపోయారు. సరుకు సంగతి అలా తేలిపోయింది. కానీ కువబారా అంతటితో లేవలేదు.

"సంచులు మారుస్తారు, గోడౌన్ కడుగుతారు, బాగానే ఉంది. ముక్కుల మాటేమిటి? బెలచాన్ పక్కనే కూర్చోబెట్టినా వీళ్లకు తెలియలేదు. వీళ్లు వాసన లేదంటే నేను ఎలా నమ్మను? వచ్చే ఓడకు మళ్లీ వస్తాను. అప్పటికీ ఒక్కరైనా చెప్పలేకపోతే మేం వేరేచోట కొనుక్కుంటాం."

ఆయన గది దాటాక బద్రుల్ హాజిజా వైపు తిరిగి, అక్కా అని పిలిచినట్టు పిలిచి, మెల్లగా అన్నాడు. "కాక్ జిజా, మీరు పెద్దవారు. నాకు చెప్పడానికి నోరు రావట్లేదు గాని, ముక్కు బదులు వాసన చూసే యంత్రం ఒకటి ఉందట. దాన్నైనా తెప్పిద్దాం. లేకపోతే సియూ హాంగ్‌ని ఆ కుర్చీలో కూర్చోబెడదాం."

సియూ హాంగ్ జీతాల గుమాస్తా. చైనా అమ్మాయి, బుద్ధుడి భక్తురాలు, పుట్టి చేప ముట్టలేదు. క్యాంటీన్లో కిటికీ పక్క తన డబ్బా తను తెచ్చుకుని ఒక్కతే తింటుంది. అంతకుముందే కువబారా సరదాకి ఆమె ముందు మూడు కప్పులు పెడితే రెండు క్షణాల్లో చెప్పేసింది.

"నీకు వాసన తెలుస్తోందా?" అన్నాడు బద్రుల్.

"ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ తెలుస్తోందండీ."

"మరి ఎన్నడూ చెప్పలేదేం?"

"మైనం వాసనే అంత అనుకున్నాను."

ఆ మాటకు హాజిజాకి చచ్చిపోయినంత పనయింది. తన కంపు తనకింపు అని లోకం ఊరికే అనలేదు. భర్త చనిపోయిన ఏడాది లాబ్‌లో బాటిళ్లు కడిగే పనిలో చేరిన మనిషి ఆమె. ఆ ఎత్తు కుర్చీ దాకా ముక్కుతో నెగ్గుకొచ్చింది. ఇప్పుడు అది పోతే మళ్లీ బాటిళ్ల దగ్గరికే.

"ఓడ వచ్చేదాకా టైముంది కదా," అంది. "యంత్రం వద్దు, సియూ వద్దు. నేను బెలచాన్ మానేస్తాను."

గదిలో ఉన్నవాళ్లు ఆమె వంక జాలిగా చూశారు.

మానేస్తానన్నంత తేలిక కాదు మానేయడం. మర్నాడు క్యాంటీన్ ఆవిడ ముందు ప్లేటు పట్టుకుని నిలబడింది.

"బెలచాన్ లేనిది ఏదైనా పెట్టు."

క్యాంటీన్ ఆవిడ గిన్నెలన్నీ మూతలు తీసి చూసి, ఆలోచించి, "నీళ్లున్నాయి," అంది.

"గుడ్డు?"

"సంబల్ పచ్చట్లోనే వేశాను."

"అన్నం?"

"అన్నంలో ఏమీ లేదులే. కానీ అదే గరిటె."

మధ్యాహ్నాలు హాజిజా కిటికీ పక్కకు చేరింది. సియూ హాంగ్ తన డబ్బాలోంచి టోఫు, ఆకుకూర సగం ఇచ్చింది. తన కుర్చీకి పోటీ వచ్చిన పిల్ల పెట్టే కూడు తినాల్సి వచ్చినందుకు హాజిజా కొన్నాళ్లు మొహం ముడుచుకునే తిన్నది. ఆ తరవాత టోఫులో ఉప్పు ఎక్కువైతే చెప్పడం మొదలుపెట్టింది.

ఇంటి దగ్గర కష్టం ఇంకో రకం. హాజిజా తల్లి వాడలో అందరికీ మామ్మే, నెక్ లిమా. రొయ్యల కాలం కాబట్టి ఇంటి ముందు చాపలన్నీ పరిచి ఉన్నాయి. వరండాలో రోలు. ఆమె దంచుతుంటే వాడలో పిల్లలు ఆ దరువుకు నిద్రపోతారు.

"ఏమే, ముట్టుకోలేదేం పచ్చడి?"

"వద్దమ్మా."

"కారం ఎక్కువైందా?"

"లేదు."

"ఉప్పు తక్కువైందా?"

"నీ వంటకి వంకేమీ లేదు. కొన్నాళ్లు మానేశాను, అంతే."

నెక్ లిమా చెయ్యి కడుక్కుని కూతురి నుదురు తాకి చూసింది. "జ్వరం లేదు. డాక్టరేమైనా భయపెట్టాడా?"

"ఆఫీసు పనమ్మా. వాసన చూడాలి."

"వాసన చూడ్డానికి తిండి మానేయడమేంటే? నేను ఇంతకాలం తింటూనే ఉన్నా. అచ్చు విరిస్తే చాలు, ఏ పడవ రొయ్యలో చెప్తా."

అందులో అబద్ధం లేదు.

వాడ ఊరుకుంటుందా? హాజిజా బెలచాన్ మానేసిందన్న కబురు రేవు దాకా పాకింది. ఒకావిడ ఆమెకు లోపల కణితి ఉందంది. ఇంకొకావిడ అదేం కాదు, జపాను ముసలాయన్ని పెళ్లాడబోతోంది, వాళ్లకు ఈ వాసన పడదు, అలవాటు చేసుకుంటోంది అని తేల్చింది. పెళ్లి కబురు కణితి కన్నా రుచిగా ఉంది కాబట్టి అదే నిలబడింది. మసీదు మెట్ల దగ్గర ఒక ముసలాయన నెక్ లిమాను ఆపి, అల్లుడు సున్తీకి ఒప్పుకున్నాడా అని కూడా అడిగాడు.

"ముక్కు కోసం మొగుణ్ణి చేసుకునే రకం కాదులే నా కూతురు," అంది ఆమె. ఇంటికొచ్చాక మాత్రం, "ఆయన మంచివాడేనా?" అని ఆరా తీసింది.

అలా రోజులు గడిచాయి. ఒక సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతూ హాజిజా మెట్టు మీదే ఆగిపోయింది. బస్సు నిండా బెలచాన్ వాసన. సీట్లలో, కర్టెన్లలో, డ్రైవర్ చొక్కాలో.

"ఎవరైనా అచ్చులు తెచ్చారా?" అని అడిగింది. ఎవరూ తేలేదు.

అంటే తన ముక్కు తెరుచుకుంది. దారిపొడుగునా కిటికీలోంచి ముక్కు బయటపెట్టి ఊరంతా కొత్తగా చూసింది. సంతకు ఒక వాసన, రేవుకు ఒకటి, బడికి ఒకటి, అన్నిటి కిందా ఆ ఒక్కటి. ఇంత వాసనలో పుట్టి పెరిగి దీన్ని సున్నా అనుకున్నానా అని నవ్వుకుంది.

వాడ మలుపు తిరిగేసరికి నవ్వు ఆగింది. అక్కడ అది వాసన కాదు, కంపు. గొంతులోకి దిగుతోంది. వరండా ఎక్కేసరికి కళ్లలో నీళ్లు వచ్చాయి. రోలు దగ్గర నుంచి తల్లి లేచి, ఎప్పటిలాగే కూతురి చేతిలో సంచి అందుకోవడానికి దగ్గరికి వచ్చింది.

హాజిజా ముక్కు చిట్లించింది.

కావాలని చేసింది కాదు. ఒక్క క్షణం, అంతే. కానీ నెక్ లిమా చూసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని చీరగుడ్డలా నడుముకు చుట్టుకున్న సారోంగ్‌కు తుడుచుకుంది. సంచిని హాజిజాయే లోపల పెట్టుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో కొన్ని మారాయి. కూతురు వచ్చే వేళకు నెక్ లిమా నిమ్మకాయ రుద్దుకుని స్నానం చేసేది. బట్టలు మార్చేది. అన్నం వడ్డించి, తను పోయి వరండా చివర గాలి అటు వీచే వైపు కూర్చునేది.

"ఇక్కడ కూర్చోమ్మా," అంటే, "ఉక్కగా ఉందే," అనేది.

ఉక్కగా ఏమీ లేదు. హాజిజాకి అది తెలుసు. ఓడ పోయాక అన్నీ సర్దుకుంటాయిలే అని తనకు తను చెప్పుకుంది.

ఓడ వచ్చింది, దాంతో కువబారా వచ్చాడు. ఈసారి మోచేతులు వద్దన్నారు. వాటికి బదులు పీల్చుకోవడానికి గోరువెచ్చని నీళ్లు పెట్టారు. కప్పుల్లో జర్మనీ మైనమూ, రొయ్యల వాసన పట్టిన ఆ పాత సరుకూ పోశారు. మిగతా ముక్కులు కప్పుల ముందు ఎప్పటిలాగే బిక్కమొహాలు వేశాయి. హాజిజా పీల్చింది, చూపించింది. మళ్లీ కలిపారు, మళ్లీ చూపించింది. కువబారా చివరికి మూడు కప్పుల్లోనూ ఒకే మైనం పోసి పెడితే, "మోసం చేయకండి, ఈసారి వేరేది లేదు," అంది.

ఆయన లేచి నిలబడి, నడుము వంచి నమస్కరించాడు. సంతకాలయ్యాయి. బద్రుల్ సంబరంగా అందరికీ కేకు కోశాడు. "కుర్చీ మీదే, కాక్ జిజా. మీరు రిటైరయ్యేదాకా దాన్ని కదిపే మొనగాడు లేడు. ఆ ఒక్క నియమం మాత్రం ఇలాగే కానివ్వండి."

"ఏ నియమం?"

"అదే, బెలచాన్. తినకూడదు. ఇంట్లో కూడా లేకుండా చూసుకుంటే ఇంకా మంచిదని కువబారా గారు అన్నారు."

హాజిజా కేకు ముక్క పట్టుకుని ఇంటికి బయల్దేరింది, అమ్మకు చూపించాలని. వాడ మలుపు దగ్గర వాసన వచ్చింది. రేవు గాలికి ఇంకా ఎక్కువైంది. కానీ తమ ఇంటి మెట్ల దగ్గర తగ్గింది. వరండాలో చాపలు లేవు. రోలు ఉండే చోట నేల కడిగి ఉంది. లోపల తల్లి ఉతికిన బట్టలు కట్టుకుని, జుట్టు ముడేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. చేసే పని లేక చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"రోలేదమ్మా?"

"నా చెల్లి ఇంటికి పంపించేశా. అచ్చులు కూడా. ఇక అక్కడే దంచుకుంటాం." నెక్ లిమా కూతురి మొహంలోకి ఆత్రంగా చూసింది. "ఇప్పుడెలా ఉంది? వస్తోందా?"

హాజిజా దగ్గరికి వెళ్లి కూర్చుంది. పీల్చింది. సబ్బు వాసన. దాని కింద ఏమీ లేదు. ఆమె తల్లి జర్మనీ మైనంలా ఉంది. ఫ్యాక్టరీలో అయితే దీనికి సంతకం పెట్టి ఓడ ఎక్కించేవాళ్లు.

"రావట్లేదమ్మా," అంది.

"హమ్మయ్య," అంది తల్లి. "నెగ్గావా మరి?"

"నెగ్గాను."

ముసలావిడ మొహం విప్పారింది. "ఇంక ఆ కుర్చీ నీదే."

ఎన్నాళ్లుగానో అణిచిపెట్టుకున్న ఏడుపు హాజిజాకి అప్పుడొచ్చింది. అంత వయసు మనిషి చిన్నపిల్లలా వెక్కి ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పిన్ని ఇంటికి వెళ్లింది. రోలు తను మోయలేదు కాబట్టి పిన్ని కొడుకుల చేత మోయించింది. అచ్చులు మాత్రం తనే ఒళ్లో వేసుకుని తెచ్చింది. వాడలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. పెళ్లి చెడిందన్నమాట అని నిర్ణయించుకున్నారు.

"ఇదేం పనే?" అంది నెక్ లిమా. "మరి నీ కుర్చీ?"

"సియూ హాంగ్ కూర్చుంటుందిలే. దాని ముక్కు నాకన్నా మంచిది."

"నువ్వో?"

"దాని పక్కన బాటిళ్లు కడుగుతా. అలవాటైన పనే."

తల్లి తిట్టింది. పిచ్చిదానివంది, చదువు చెప్పించినా బుర్ర రాలేదంది. తిడుతూనే పొయ్యి వెలిగించి, బెలచాన్ ముక్క పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చింది. మిరపకాయలతో కలిపి దంచింది. ఇల్లు ఘాటెత్తిపోయింది. హాజిజాకి కళ్లూ ముక్కూ కారుతున్నాయి గాని కదల్లేదు.

నెక్ లిమా ఆ ఊళ్లో అన్నంలా తినే కాల్చిన సగ్గుబియ్యం, పచ్చడి కంచంలో పెట్టి ముందుకు తోసింది. హాజిజా కంచం ముట్టుకోలేదు. తల్లి కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి విప్పి, అందులో మొహం పెట్టుకుంది.

"ఏం చేస్తున్నావే?"

"ఉండమ్మా."

"కంపు కొడుతోందా?"

"కొడుతోంది."

"మరి వదులు."

"తిన్నాక ఇది నాకు మళ్లీ తెలియదమ్మా. నాలుగు రోజులు పోతే ఏమీ లేనట్టే ఉంటుంది. కాసేపు ఉండనీ."

నెక్ లిమాకి అది ఏమీ అర్థం కాలేదు. అయినా చెయ్యి లాక్కోలేదు. కంచంలో పచ్చడి చల్లారిపోతోందని మాత్రం ఒకసారి గుర్తుచేసింది.